కాంచిన కడవ నీళ్లు

నేను కోడలిగా పాలేనికి వచ్చిన రెండో ఎండాకాలమది. నాకప్పుడు ఎనిమిదో నెల. మా ఆయన కంభం దగ్గర రైలు కట్ట పనికి పోయినాడు. ఇంట్లో అత్త, మామ, నేను.

గుండ్లకమ్మ ఎండిపోయి నడుమ సన్నటి పాయ మిగిలింది. పాయ ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకునేవాళ్లం. ఊళ్లో రైతులకు బావి ఉండేది. కిరస్తానం వాళ్లమని మమ్మల్ని దాని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

ఆ ఏడు ఎగువ ఊరికి కలరా తగిలింది. పోయినవాళ్ల బట్టలు ఏట్లోనే ఉతుకుతున్నారని తెలిసి మామ అక్కడికి పోయినాడు.

“అయ్యా, ఆ బట్టలు కాల్పించండి. కింద మేం తాగేది ఆ నీళ్లే.”

“పారే నీళ్లకు ఏమైతదిరా, పో” అన్నాడంట ఆ ఊరి పెద్ద.

తర్వాత తాలూకా నుంచి టీకాలాయన వచ్చినాడు. రైతుల బావిలో ఎర్రమందు కలిపినాడు. మా చెలమ చూసి తల అడ్డంగా ఊపినాడు.

“దీంట్లో మందు నిలవదమ్మా. పాయకు దూరంగా తవ్వుకోండి. ఆ నీళ్లు కూడా పొయ్యి మీద తెర్లకాంచి తాగండి.”

మగవాళ్లు దూరంగా, నడుములోతు తవ్వినారు. నీళ్లు చానా నిదానంగా ఊరేవి. ఇంటికి రోజుకొక కడవ వంతు పెట్టుకున్నారు. అత్త కంపలు ఏరుకొచ్చి ఆ నీళ్లు కాంచేది. తాను మాత్రం ముట్టేది కాదు.

“పొగ వాసన అమ్మీ, నాకు గొంతు దిగవు” అని మామ లేనప్పుడు నాతో అనేది.

ఒకనాడు కూలి నుంచి వస్తా అత్త పాత చెలమ దగ్గర వంగి, దోసిలితో తాగుతుంటే చూసినాను.

“ఏంది అత్తా! ఆ నీళ్లు వద్దన్నాడు కదా?”

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. “ఒక కడవ ఎంతమందికి వస్తాది? నువ్వు రెండు ప్రాణాలదానివి. మామకు చెప్పొద్దు.”

నేను చెప్పలేదు.

నాలుగో రోజు అత్త చేలోనే కూలబడింది. నలుగురు మోసుకొచ్చినారు. కండ్లు లోపలికి పోయినాయి, చేతులు చల్లబడినాయి. నీళ్లు, నీళ్లు అని ఒకటే అడిగింది. కాంచిన నీళ్లన్నీ ఆమెకే పోసినాను. పొద్దు గుంకకముందే పోయింది.

మామ ఆమె బట్టలన్నీ ఇంటి వెనక కుప్ప పోసి కాల్చినాడు. పెండ్లి చీర దాచుకుందామని నేను పట్టుకుంటే, నా చేతిలోంచి తీసుకొని మంటలో వేసినాడు.

నెల తిరక్కముందే ఆడపిల్లను కన్నాను. పొత్తిళ్లలో బిడ్డను చూసి మామ అడిగినాడు, “కాంచిన నీళ్లే తాగే మనిషికి ఆ జబ్బెట్ల వచ్చిందమ్మా?”

నేను తల వంచుకొని బిడ్డకు పాలిచ్చినాను. ఆయన ఇంకా పదేండ్లు బతికినాడు. అప్పటికీ చెప్పలేకపోయినాను.