అక్క ఇంటి ముందుగోడ

గోడ వంకరగా ఉంటే నాకు అన్నం సయించదు. గొప్పకోసం చెబుతున్న మాట కాదు, అదొక రోగం. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా ముందు నా కళ్ళు ఆ ఇంటి మూలల మీదికి పోతాయి. నూజివీడులో తాపీ మేస్త్రీగా బతికినన్నాళ్ళూ ఈ విషయంలో నా భార్య నన్ను తిడుతూనే ఉంది. అలాంటి నాకు సొంత అక్క ఇల్లే వంకరగా లేస్తోందని తెలిసిన వేసవి ఒకటుంది. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో అనుకుంటాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్కను బాపులపాడు దగ్గర ఒక ఊళ్ళో ఇచ్చాం. బావ మామిడితోటలు కౌలుకు తీసుకునేవాడు. పూత మొదలైన దగ్గర్నుంచి కోత అయ్యేదాకా తోటలోనే తాటాకు పాక వేసుకుని కాపురం. అంతకు ముందు ఏడాది గాలివానకు ఆ పాక కప్పు లేచిపోయింది. అక్క ఇద్దరు పిల్లల్నీ చెరో చంకనా వేసుకుని ఎడ్లబండి కిందికి దూరి కూర్చుంది. వచ్చే ఏడు వానలు మొదలయ్యేలోపు నా పిల్లలు గట్టి గోడల మధ్య పడుకోవాలి, లేకపోతే పుట్టింటికి వెళ్ళిపోతానని మొగుడికి అప్పుడే చెప్పేసిందట. దాంతో బావ ఊళ్ళో ఉన్న స్థలంలో రెండు గదుల ఇల్లు మొదలుపెట్టాడు.

బావమరిది మేస్త్రీ అయి ఉండగా మైలవరం వైపు నుంచి ఇంకో మేస్త్రీని తెచ్చుకోవడం దేనికని మీరు అడగొచ్చు. బావకూ నాకూ మాటల్లేవు. నా పెళ్ళిలో ఆయన్ని రెండో బంతిలో కూర్చోబెట్టామట. మొదటి బంతికి పిలిస్తే మనిషి దొరకలేదు. విస్తళ్ళు వేసి, నీళ్ళు చల్లి, ఎంతసేపని ఆగుతారు ఎవరైనా? ఆ మాటే నేను అంటే, ఇంటి అల్లుడికి ఎదురు చెప్పానని ఇంకో అలక. అప్పటినుంచీ ఆయన మా ఇంటికి రాలేదు, నేను వాళ్ళ ఇంటికి వెళ్ళలేదు. పాపం, అక్కే ఒంటరిగా వచ్చి ఒంటరిగా బస్సెక్కి వెళ్ళేది.

ఆ వేసవిలో ఒకరోజు కబురూ కాకరకాయా లేకుండా అక్క దిగింది. చెంబెడు నీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"ముందుగోడ చూస్తే భయమేస్తోందిరా. వడ్రంగి వాసాలు ఎక్కించనంటున్నాడు. గోడ బయటికి వాలిందంటాడు. మీ బావేమో వాలలేదంటాడు."

"కట్టినవాడు ఏమంటాడు?"

"వాడు వెళ్ళిపోయాడు. ఇంకెక్కడో పని ఒప్పుకున్నాడట."

"మీ ఆయన నన్ను రమ్మన్నాడా?"

"నేను రమ్మంటున్నా. నేను మనిషిని కానా?"

ఇంకేమంటాను? తాపీ, తూకం గుండు, రసమట్టం సంచిలో వేసుకుని ఆమె వెంట బయల్దేరాను.

ఇంటిముందు నిలబడి గోడ చూశాను. ఇటుక మీద ఇటుక పేర్చాడు మహానుభావుడు, అంతే. కింది వరసలో అతుకు ఎక్కడ వచ్చిందో పై వరసలోనూ అక్కడే వచ్చింది. అతుకు మీద అతుకు పడితే గోడకు కట్టు ఉండదు, పై నుంచి కింది దాకా ఒకే గీతలో చీలిపోతుంది. ఇటుకల్ని తడపనే లేదు. అవి సున్నంలో తడినంతా పీల్చేసుకున్నాయి. అతుకులో గోరు పెట్టి గీస్తే పొడి రాలింది. ఇక గోడ తల నుంచి దారంతో తూకం గుండు వదిలాను. కింద దారానికీ గోడకూ మధ్య నా నాలుగు వేళ్ళూ దూరాయి. అంత బయటికి వాలింది. దాని మీద వాసాలు, పెంకులు ఎక్కిస్తే ఆ బరువు గోడను ఇంకా బయటికే నెడుతుంది. నాలుగు వానలు పడితే చాలు.

రోగం ఎక్కడుందో వెతికితే ద్వారబంధం దగ్గర దొరికింది. ముహూర్తానికి ద్వారబంధం నిలబెట్టాలి కదా. ముహూర్తం దాటిపోతోందని కంగారుపడి, గడప కింద ఇంత తడి సున్నం పోసి, దాని మీద ద్వారబంధాన్ని కూర్చోబెట్టేశాడు. బయటివైపు సున్నం కుంగి, గడప ముందుకు ఒరిగి, ద్వారబంధం తల బయటికి వాలింది. పూజ అయిపోయింది, కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు. ఆ తర్వాత దాన్ని ఎవరు ముట్టుకుంటారు? మేస్త్రీ అనేవాడు గుండు చూసి కట్టాలి. వాడు ద్వారబంధాన్ని చూసి, అది ఎటు వాలితే గోడనూ అటే వాల్చుకుంటూ పోయాడు.

బావ ఇటుకల కుప్ప మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"గోడ ఎక్కడ వాలిందో చూపించమనవే మీ తమ్ముణ్ణి" అన్నాడు అక్కతో.

"గుండు వేలాడుతూనే ఉంది. చూసుకోమను మీ ఆయన్ని" అన్నాను, నేనూ అక్కతోనే.

మేమిద్దరం చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాం. అక్క ఇటు చూసింది, అటు చూసింది.

"నేనూ ఇక్కడే ఉన్నా, మీరిద్దరూ ఇక్కడే ఉన్నారు. చెవుడు ఎవరికి?" అంది.

 చివరికి బావ లేచి వచ్చి, దారం దగ్గర ఒక కన్ను మూసి చూసి, చుట్ట పారేశాడు. గోడ విప్పడానికి ఒప్పుకున్నట్టే. "కానీ గడప కదపడానికి వీల్లేదు. ముహూర్తం పెట్టి నిలబెట్టింది. కదిపితే నేను ఈ ఇంట్లో అడుగుపెట్టేది లేదని చెప్పు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గడపే ఒరిగి ఉంటే దాని చుట్టూ ఎంత తిన్నగా కట్టి ఏం లాభం? గోడ ఒకలా, ద్వారబంధం ఒకలా నిలబడి ఉంటే ఊళ్ళోవాళ్ళు ఎవరి పనితనం అంటారు? తలుపు గడియ అయినా పడుతుందా? సంచి భుజాన వేసుకున్నాను కూడా. అంతలో అక్క చిన్నకొడుకు వచ్చి, ఆ గోడ నీడలోనే గోనెపట్టా పరుచుకుని పడుకున్నాడు. వాణ్ణి రెక్క పట్టి అవతలికి లాగి, సంచి కింద పెట్టాను.

గోడ విప్పడం కట్టడం కన్నా చిరాకు పని. ఒక్కో ఇటుకనీ ఊడదీయాలి, అంటుకున్న సున్నం గీకాలి, తొట్టిలో నానబెట్టాలి. బావ పనికి మాత్రం వెనకాడలేదు, ఆ మాట చెప్పాలి. పొద్దున్నే తోటలో కాయ కోయించి, బండి తోలించి, వచ్చి నడుం బిగించేవాడు. కానీ ఇటుక నా చేతికి ఇవ్వడు. అక్క చేతికిస్తాడు. అక్క నాకు అందించాలి. నాకు సున్నం కావాలంటే, "సున్నం తెమ్మను" అని నేను అక్కతో అనాలి. పక్కనే నిలబడి విన్న మనిషి, మళ్ళీ అక్క చెప్పేదాకా కదిలేవాడు కాదు. వరసకు వరస అతుకు తప్పిస్తూ, దారం కట్టి, నాలుగు వరసలకోసారి గుండు వదిలి చూసుకుంటూ నేను కడుతుంటే, ఆ దిక్కుమాలిన కట్టడం మీద కన్నా ఈ మూగనోము మీదే నాకు ఎక్కువ మంటగా ఉండేది. మధ్యలో అక్క చేతులు సున్నానికి పొక్కిపోయాయి.

మూలల నుంచి కట్టుకుంటూ వచ్చి, ద్వారబంధానికి అటూ ఇటూ ఉన్న పాతగోడను ఆఖరికి అట్టేపెట్టాం. దాన్ని విప్పితే ద్వారబంధం ఒంటరిగా నిలబడాలి. తోటలో కాయ బరువుకు కొమ్మలు విరక్కుండా ఆనించే పంగల కర్రలు తెచ్చి బయటివైపు ఊతంగా పెట్టాం. ద్వారబంధం తలకు తాడు కట్టి లోపలికి తీశాం. తాడు బావ పట్టుకున్నాడు. నేను బయట గడప పక్కన కూర్చుని, చివరి ఇటుకలు ఊడదీస్తున్నాను. కర్రల పక్కనే తొట్టి. అక్క దాంట్లోకి వంగి ఇటుకలు తీస్తోంది.

ఒక పంగల కర్ర మొదలు తడిమట్టిలో జారింది. ద్వారబంధం నిట్టనిలువునా బయటికి తూలడం నాకు కనిపించింది. అక్క వీపు కనిపించింది.

"బావా, తాడు లాగు, లాగు" అని అరిచాను.

ఆ మనిషి కాళ్ళు నేలకు తన్ని, వెనక్కి పడిపోతూ లాగాడు. ద్వారబంధం ఊగి, వెనక్కి వచ్చి, తిన్నగా నిలబడింది. దాంతోపాటే కుంగిన గడప బయటి అంచు పైకి లేచింది. కింద వేలెడు సందు. నేను ఆలోచించలేదు. చేతికందిన రాతిముక్కలు ఆ సందులోకి దోపి, సుత్తితో బిగించేశాను. గుండు వదిలి చూస్తే దారం ద్వారబంధాన్ని అంటీ అంటనట్టు కింది దాకా దిగింది.

అక్క తొట్టి దగ్గర నిలబడి చూస్తోంది. గడప మీద ఎండిన పసుపు పెళ్ళలుగా రాలిపోయింది. బావ తాడు వదలకుండానే తొంగి చూశాడు. 

"గడప కదిలింది" అన్నాడు.

అప్పుడు చూడాలి మా అక్కను.

"కదలనీండి. అది నా నెత్తిన పడబోయింది మీకు కనపడలేదు గానీ, గడప కదిలింది కనపడిందా?" అంది. అంతటితో వదల్లేదు, నా వైపు తిరిగింది. "బావా అనే మాట నీకూ వచ్చన్నమాట. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా? ఆయనేమో పిలవడు, నువ్వేమో రావు. మీరు పెట్టుకున్న రెండో బంతి గొడవ ఇవాళ నా పిల్లల నెత్తిమీదికొచ్చింది."

తర్వాత లోపలికెళ్ళి పసుపు తెచ్చి, గడపకు తనే మళ్ళీ రాసింది. పురోహితుణ్ణి అడుగుదామని బావ గొణిగితే, నా గడప సంగతి నేను చూసుకుంటానంది. 

అంత జరిగాక, ఇక మాటలు కలిశాయనే కదా మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు పొద్దున నేను కావాలనే ఆయన ఎదురుగా చెయ్యి చాచి నిలబడ్డాను. ఆయన ఇటుక తీసి అక్కకిచ్చాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? మళ్ళీ నోరు కుట్టేసుకున్నాను. గోడ పూర్తయింది, వాసాలు ఎక్కాయి, పెంకులు పరిచారు. ఇంత పనీ అక్క మధ్యవర్తిత్వం మీదే నడిచింది. ఆమె గొంతు బొంగురుపోయింది.

వడ్రంగి తలుపు రెక్కలు బిగించి వెళ్ళిన సాయంత్రం ఆకాశం బాగా మబ్బు పట్టింది. తోటల మీదుగా తడిగాలి వస్తోంది. నేను సంచి సర్దుకుంటున్నాను. అక్క గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ పిలిచింది.

"అరుగు మీద నిలబడి చూడండి ఇద్దరూ. తలుపు ఒరుసుకోకుండా పడుతుందో లేదో చెప్పండి."

నిలబడ్డాం, నేను ఈ చివర, ఆయన ఆ చివర. తలుపు రెక్కలు రెండూ మెత్తగా వచ్చి కలుసుకున్నాయి. ఎక్కడా పట్టలేదు. లోపల గడియ పడిన చప్పుడైంది.

"బాగా పడిందక్కా. తియ్యి" అన్నాను.

"తియ్యను" అంది లోపల్నుంచి.

"ఏంటి నీ గొడవ? వానొచ్చేట్టుంది."

"రానీ. నేనూ పిల్లలూ ఇంట్లోనే ఉన్నాం. మీ ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టకుండా మాట్లాడుకుంటే తీస్తా. నాకు గొంతు నొప్పిగా ఉంది."

బావ వచ్చి భుజంతో తలుపును నెట్టాడు. కదలలేదు. ఇంకోసారి నెట్టాడు. ఎదురింటి ముసలమ్మ చూరు కింద నిలబడి వినోదం చూస్తోంది. చినుకులు మొదలయ్యాయి. అరుగు మీదికి ఇంకా పంచ కప్పు దించలేదు, పెంకుల నీళ్ళు సరిగ్గా మా నెత్తినే పడుతున్నాయి. ఇద్దరం గోడకు ఆనుకున్నాం. ఆయన వెనక్కి చెయ్యి పెట్టి ఇటుకల అతుకులు తడుముతున్నాడు. తర్వాత తలుపు మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు.

"తలుపు కొంచెం కూడా ఊగట్లేదు."

"గడప తిన్నగా ఉంది కదా, బావా."

ఆయన వంగి గడప వంక చూశాడు. అక్క రాసిన పసుపు వానజల్లుకు తడిసి మెరుస్తోంది. వాన పెద్దదైంది. 

"మొదటి బంతికి నన్ను పిలిచారా నిజంగా?" అన్నాడు.

"పిలిచాం. నాన్న పందిరంతా తిరిగాడు. నువ్వెక్కడున్నావు? బళ్ళు విప్పినచోట చుట్ట కాలుస్తూ ఉన్నావా లేదా?"

ఆయన తల మీది నీళ్ళు అరచేత్తో తుడుచుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. తప్పించుకోవడానికి ఆ అరుగు మీద చోటు లేదు.

"ఉన్నాను" అన్నాడు.

లోపల గడియ తీసిన చప్పుడైంది.