బద్వేలులో జాతిహనన నివారణ సభ

బద్వేలులో నేను తెలుగు పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీకి ఒకనాడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జాతిహనన బాధితులను స్మరించుకోవాలట. ప్రపంచంలో అలాంటివి మళ్ళీ జరగకుండా విద్యార్థులకు అవగాహన కల్పించాలట. ఫొటోలు మాత్రం సాయంత్రంలోగా పంపాలట. ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి నన్నడిగాడు.

"ఏమప్పా, ఇది పండగా, సంతాపమా? స్వీటు తెప్పించాల్నా, వద్దా?"

"సంతాపమే సార్."

"అట్లయితే ఒట్టి మిక్చరు చాలు."

ముఖ్య అతిథిగా ఊళ్ళోని ఒక రిటైర్డ్ అధికారిని పిలిచాం. మంచివాడని పేరు. ఎండాకాలం చలివేంద్రం పెడతాడు, రక్తదానం చేయిస్తాడు. పొద్దున వాకింగుకు వెళ్ళే మా అందరి వాట్సాప్ గ్రూపుకు పెద్ద కూడా ఆయనే. రోజూ గులాబీ బొమ్మతో శుభోదయం చెబుతాడు. ఈమధ్య గులాబీ కింద ఇంకో సంగతి కూడా పెట్టసాగాడు. ఊరి చివర ముస్లింలుండే పేట పేరు రాసి, అక్కడివాళ్ళు చెదపురుగులనీ, ఒకసారి గట్టిగా మందు కొడితే తప్ప ఊరు బాగుపడదనీ. గులాబీకీ మందుకూ కలిపి అందరూ దండాల బొమ్మలు పెట్టేవారు. "ఇదేం మాట సార్" అని నేనొకసారి రాస్తే, గ్రూపులో రాజకీయాలు వద్దని నాకే బుద్ధి చెప్పారు.

మా అటెండర్‌ది ఆ పేటే. సభ రోజు పొద్దున స్టాఫ్ రూములో కుర్చీలు తీస్తూ, "ఆ మెసేజి మా పేటకూ చేరినాది సార్. మా పాపను ట్యూషన్‌కు పంపలేక ఇంట్లోనే పెట్టుకోని ఉండా" అన్నాడు. నేనూ, నా పక్కన కూర్చున్న చరిత్ర మేడమూ విన్నాం. మేడమ్ వేంపల్లె పక్క పల్లెలో, తరాలుగా చర్చికి పోయే కూలీల ఇంట పుట్టింది. ఆమె కూడా మా గ్రూపులో ఉంది.

ముఖ్య అతిథి మైకు ముందు ప్రపంచమంతా తిరిగాడు. జర్మనీలో కళ్ళు తుడుచుకున్నాడు. రువాండాలో ఆయన గొంతు బొంగురుపోయింది. "మన అదృష్టం, మనది శాంతి భూమి" అని కూర్చుని, అటెండర్ తెచ్చిన టీ అందుకుని అతని భుజం తట్టాడు.

"అందరూ నీ మాదిరి ఉంటే ఎంత బాగుంటాది!"

"మా పేటలో అందరూ నా మాదిరే ఉండారు సార్" అని అతను ట్రే తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత మేడమ్‌కు ఐదు నిమిషాలిచ్చారు.

"రువాండాలో కత్తులు పట్టకముందు రేడియోలో పక్కింటోళ్ళను బొద్దింకలన్నారు. రోజూ అన్నారు. మనిషి కాదు, పురుగే అని మనసుకు కుదిరినాక కత్తి బరువనిపించలేదు." ఆమె ముఖ్య అతిథి వైపు తిరిగింది. "సార్, ఈ పొద్దు మీరు పెట్టిన మెసేజిలో చెదపురుగులని ఉండాది. అది గూడా పిల్లలకు చెప్పాల్నా, వద్దా?"

"అది నేను రాసింది కాదమ్మా. వచ్చిందాన్ని పంపినా, అంతే."

"రేడియోలో చదివినోళ్ళు గూడా ఎవురో రాసిస్తేనే చదివింటారు సార్."

ప్రిన్సిపాల్ లేచి మైకు లాక్కున్నాడు. "ఇప్పుడు వందన సమర్పణ!"

అది చేయాల్సింది నేను. మొదట మేడమ్‌కు ధన్యవాదాలు చెప్పాను. ముఖ్య అతిథి దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీ ఖాళీ. కప్పాల్సిన శాలువా బల్ల మీదే ఉండిపోయింది.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ గదికి పిలిచాడు.

"జాతిహననం గురించి మాట్లాడమంటే నువ్వు మన ఊరి గురించి మాట్లాడితే ఎట్లమ్మా? పెద్దాయన శానా నొచ్చుకున్నాడు. క్షమాపణ చెప్పు."

"చెప్తా సార్. ముందు ఆయన్ను మన అటెండరన్నకు చెప్పమనండి."

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఫొటోలు పైకి వెళ్ళాయి. కార్యక్రమం దిగ్విజయంగా జరిపినందుకు కాలేజీకి అభినందనలు వచ్చాయి. వాకింగ్ గ్రూపులోంచి మేడమ్‌నూ నన్నూ తీసేశారు. గులాబీ కింద ఇప్పుడేం వస్తోందో మాకు తెలియదు.

మర్నాటి సాయంత్రం మేడమ్ ఆ పేటకు వెళ్ళి, అటెండర్ కూతురిని తన వెంట ట్యూషన్‌కు తీసుకెళ్ళింది. నేనూ తోడు నడిచాను. దారిలో ఆ పాప అడిగింది.

"మీరెందుకు వస్తాండారు మేడమ్?"

"నాకు ఈ పక్క పనుండాదిలే" అంది మేడమ్.

ఆ పక్క ఆమెకు ఏ పనీ లేదు. నెలరోజులు అలాగే వెళ్ళొచ్చాం.