కోరుట్ల బస్సులో సెలాం

కాకినాడ నుంచి పని మీద సిరిసిల్ల వెళ్ళిన నేను, మబ్బు పట్టిన ఓ సాయంత్రం అక్కడ కోరుట్ల బస్సెక్కాను. నా పక్కన కూర్చున్నది ఇథియోపియా అమ్మాయి సెలాం. హైదరాబాదులో చదువుకుంటోందట, కోరుట్లలో స్నేహితురాలి ఇంటికి వెళుతోందట. కిటికీ అవతల వరిచేలు పచ్చటి నీళ్ళలా కదులుతుంటే నాకు కునుకు పడుతోంది. అంతలో ఆమె ఫోన్ మోగింది. చున్నీ అడ్డం పెట్టుకుని, పెదవులు కదలనట్టే మాట్లాడి పెట్టేసింది.

ముందు సీట్లోని పెద్దావిడ వెనక్కి తిరిగింది. "గట్ల గొణిగితె ఎట్ల బిడ్డా? గీ బస్సు సప్పుడుల అవతలోల్లకు ఏమినవడ్తది?"

ఆ మాట నేను సెలాంకు ఇంగ్లీషులో చెప్పాను. సెలాం నవ్వకుండా కారణం చెప్పింది. ఫోన్ చేసింది వాళ్ళమ్మట. వాళ్ళది తిగ్రిన్యా భాష. వాళ్ళ ప్రాంతం వాళ్ళకీ ప్రభుత్వానికీ యుద్ధం జరిగిన రోజుల్లో దేశ రాజధానిలో ఆ భాష వినబడితే చాలు, అనుమానంతో పోలీసులు పట్టుకుపోయేవారట. ఫోన్లో అమ్మతో మాట్లాడుతున్న ఆమె అన్నయ్యను అలాగే బస్సులోంచి దింపేశారు. నెలల తర్వాత వదిలారు. ఇప్పటికీ అతను బయట నోరు విప్పడు.

నేను తెలుగులో చెప్పింది విని పెద్దావిడ సెలాం చెయ్యి పట్టుకుంది. "సొంత భాష మాట్లాడితె పట్టుకపోతరా? గీడ నిన్నెవ్వరేమనరు బిడ్డా. అమ్మకు మల్ల ఫోన్ చెయ్యి. నేనున్న."

నేను ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాక సెలాం ఫోన్ చేసింది. మొదట మెల్లగా, తర్వాత గొంతు పెంచి, చివరికి నవ్వుతూ మాట్లాడింది. అర్థం కాని ఆ మాటలు కలలో ఎవరో పాడుతున్నట్టు వినిపించాయి. బస్సులో ఎవరూ తల తిప్పలేదు.

దిగేముందు అడిగాను, అమ్మ ఏమందని.

"మెల్లగా మాట్లాడమంది," అంది సెలాం. "అమ్మ ఇంకా ఆ రాజధానిలోనే ఉంది కదా."