నా పేరున్న కంచు బిళ్ల

నాన్న రిటైరయ్యాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి, బిలాస్‌పూర్‌లోనే రాజ్‌కిశోర్ నగర్‌లో కట్టుకున్న చిన్న ఇంటికి మారాం. ఎనభైల చివరి సంగతి. సామాను సర్దుతుంటే మామ్మ రేకుపెట్టె అడుగున రెండు వస్తువులు దొరికాయి. ఒకటి తాతయ్య మెడల్. మొదటి ప్రపంచయుద్ధంలో కూలీల దళంతో సముద్రం దాటి బస్రా వెళ్లినందుకు తెల్లదొరలు ఇచ్చారని ఇంట్లో అందరికీ తెలుసు. రెండోది నేనెప్పుడూ చూడనిది. అరచేతికి మించిన గుండ్రటి బిళ్ల. పొయ్యి మసి అట్టకట్టి, దానిమీద ఏముందో కనపడటం లేదు.

మెడల్‌కు అద్దం బిగించి గోడకు పెడదామని గోల్ బజార్‌లో ఒక వెండి దుకాణానికి తీసుకెళ్లాను. ఆ షాపాయన తిప్పి చూసి నకిలీదన్నాడు. ఆ యుద్ధం మెడళ్లు వెండివట, ఇది ఒట్టి కంచట. నాకు తల కొట్టేసినట్టయింది. తాతయ్య పేరే నాకు పెట్టారు.

మా కొత్త వీధిలో ఒక రిటైర్డ్ సుబేదారు ఉండేవాడు. పాత మెడళ్లు పోగుచేయడం ఆయన సరదా. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటినీ పట్టుకెళ్లాను. ఆయన మెడల్‌ను అంచులు మాత్రమే పట్టుకుని ఎత్తి, చుట్టూ భూతద్దం తిప్పాడు. అంచుమీద తాతయ్య పేరు, దళం పేరు ఉన్నాయి. పాత పేరు చెరిపి కొత్తది చెక్కితే అక్కడ లోహం పలచబడి కాస్త లోతుగా ఉంటుందట. ఇక్కడ అలా లేదు. సిపాయిలకు వెండివీ, మూటలు మోసినవాళ్లకు కంచువీ ఇచ్చారని, ఇది అసలైనదేనని తేల్చాడు. నా ప్రాణం కుదుటపడింది.

తర్వాత బిళ్లను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా రుద్దాడు. మసి కింద నుంచి ఒక సింహం, ఒక స్త్రీ బయటపడ్డారు. పక్కన నా పేరు. ఇంకాస్త రుద్దాక అంచు వెంబడి ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. ఆయన చేయి ఆగిపోయింది. మీ తాత ఎప్పుడు పోయాడని అడిగాడు. నాకు పదేళ్లప్పుడు ఇక్కడే రైల్వే ఆస్పత్రిలో పోయాడనీ, నేను మంచం పక్కనే ఉన్నాననీ చెప్పాను.

“అచ్ఛా,” అని బిళ్లను నావైపు తిప్పాడు.

అది యుద్ధంలో చనిపోయినవాళ్ల ఇళ్లకు మాత్రమే పంపే బిళ్ల. అతడు చనిపోయాడు అని అంచుమీద ఉంది, లోపల సింహం పక్కన నా పేరు ఉంది. సర్కారు లెక్కల్లో పొరపాట్లు సహజమే అన్నాడాయన. కానీ దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాను. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మామ్మ పగలు కూడా కిటికీ మూసుకుని వెనక గదిలో కూర్చునేది. నేను గడప దాటకముందే లోపల్నుంచి గొంతు వినపడింది.

“మసి తీయించేసినావేటి?”

బిళ్ల తీసుకెళ్తున్నట్టు నేను ఎవరికీ చెప్పలేదు. పక్కన కూర్చుని, అందులో ఏముందో చెప్పాను. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

“నన్ను పెళ్లాడినోడు బస్రాలోనే జొరంతో పోనాడు. వొచ్చినాయన ఆడి సావాసగాడు. ఆ కబురు సెప్పడానికే వొచ్చినాడు. మా అత్తకి సూపు నేదు. ఆయన మొకం తడిమి, నా కొడుకొచ్చినాడని ఏడ్సినాది. ఆయన కాదనలేకపోనాడు.”

“మరి నువ్వు?”

“నాను కాళ్లకి నీళ్లిచ్చినాను.”

అప్పటికే జ్వరాలకు ఊరు సగం పోయిందట. మిగిలినవాళ్లు నోరెత్తేలోపే అత్తను తీసుకుని, రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చేశారు. చనిపోయినతని పేరుతోనే ఆయన రైలింజన్ల షెడ్‌లో చేరాడు. కొన్నాళ్లకు ఊరి నుంచి మెడల్, బిళ్ల రెండూ తిరిగి తిరిగి ఇక్కడికే చేరాయి. బిళ్లను మామ్మ పొయ్యి పక్కన మట్టి దాక కింద బోర్లించింది. కొన్ని సాయంత్రాలు అడుగుల చప్పుడు వాకిలిదాకా వచ్చి ఆగిపోయేదట. తాతయ్య అన్నం ముందు, ఆమె పొయ్యి ముందు అలాగే ఉండిపోయేవారట. ఇద్దరూ తల ఎత్తేవారు కారట.

తాతయ్య అసలు పేరేమిటని అడిగాను. అది నాకు కావాలనిపించింది.

“మొగుడి పేరు నా నోటితో ఎలగ సెప్తాన్రా?” అంది. మళ్లీ అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది.

సుబేదారు చెప్పినట్టే రెండింటినీ దాచాను. చింతపండుతో తోమలేదు, పాలిష్ పెట్టలేదు. ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డలో విడివిడిగా చుట్టి, తేమ పీల్చే చిన్న పొట్లాలు వేసి, వేర్వేరు రేకు డబ్బాల్లో పెట్టాను. ఒకదానికొకటి రాసుకుంటే గీతలు పడతాయని ఆయన అన్నాడు. అవి ఒక్కచోట ఉండకూడదని మామ్మ కూడా అంది, కారణం చెప్పలేదు.

రెండేళ్లకు ఆమె పోయింది. నాన్నకు ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కర్మరోజున పురోహితుడు తండ్రి పేరు అడిగితే నాన్న గట్టిగా, స్పష్టంగా చెప్పాడు. ఎవరో నన్ను పిలిచినట్టే ఉంది. వాకిలివైపు చూడాలనిపించింది. చూడలేదు.