ఫిన్లాండ్ అమ్మాయికి నేనిచ్చిన కోచింగ్

గల్ఫ్‌లో, మిర్కాబ్ అనే చోట ఒక టాక్సీ ఆఫీసులో నేను డ్రైవర్ని. ఆ చలికాలం మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, నన్నూ కారునూ కలిపి ఒక టెన్నిస్ పోటీకి అప్పగించాడు. ఆటగాళ్లను హోటల్‌కూ కోర్టుకూ మధ్య తిప్పాలి. నా వంతుకు ఫిన్లాండ్ అమ్మాయి వచ్చింది.

మాది రాయచోటి దగ్గర పల్లె. టెన్నిస్ ఆడే పిల్ల అంటే నల్ల కళ్లద్దాలు, వెనకాల బ్యాగులు మోసే మనుషులు ఉంటారనుకున్నాను. ఈమె ఇంకా ఇరవై కూడా నిండని పిల్ల. పెద్ద సంచి తానే మోసుకొచ్చి, డిక్కీలో తానే సర్దుకుని, ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. ఆపైన ఒక కవరు విప్పి, "ఏమీ అనుకోకండి" అంటూ తడి సాక్సులు తీసి డాష్‌బోర్డు మీద ఎండలో పరిచింది. హోటల్ గదిలో ఎంతకీ ఆరలేదట.

"నీ కోచ్ ఎక్కడ?" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను.

"మా నాన్నే కోచ్. పాల లారీ నడుపుతాడు. సెలవు దొరకలేదు."

డ్రైవర్ కూతురని తెలియగానే నాకు ఆ పిల్ల మీద ఏదో హక్కు వచ్చినట్టయింది. అక్కడి నుంచి నేను ఆపకుండా మాట్లాడాను. ఆమె ఒక మాట అంటే, రెండో మాటకు ఇంకో సిగ్నల్ రావాలి. అలా ముక్కలు ముక్కలుగా నాకు తెలిసింది ఏమిటంటే, వాళ్ల ఊళ్లో చలికాలం సూర్యుడు ఇలా వచ్చి అలా పోతాడు. ఆమె చిన్నప్పటి నుంచీ ఒక పాత హాల్లో ఆడి నేర్చుకుంది. దాని కప్పు బాగా కిందికి ఉంటుంది. అందుకని బంతిని ఎత్తుగా కొట్టాలంటే ఆమె చెయ్యి ఇప్పటికీ వెనకాడుతుంది.

కోర్టు దగ్గర దించుతుంటే ఆమె ఆగింది. "అవతలి అమ్మాయికి అమ్మా నాన్నా కోచ్ అందరూ వచ్చారు. మీరు నా వైపు కూర్చుంటారా?"

"నాకు ఈ ఆట తెలియదు పాపా."

"అదే మంచిది. తెలిసినవాళ్లు మొహం ముడుచుకుంటారు."

వెళ్లి కూర్చున్నాను. పదిహేను, ముప్పై అన్నాక నలభై ఐదు రావాలి కదా, వీళ్లు నలభై అంటారు. లెక్క వదిలేశాను. ఒకటి మాత్రం నాకూ అర్థమైంది. అవతలి పిల్ల ప్రతిసారీ నెట్ దగ్గరికి పరుగెత్తుకొస్తోంది, వెనక కోర్టంతా ఖాళీ, మా పిల్లేమో బంతిని కిందికే కొట్టి ఆమె చేతికే అందిస్తోంది. చూసి చూసి, బంతి ఆటలో ఉండగానే లేచి అరిచేశాను.

"పాపా, పైకి కొట్టు! ఈడ మిద్దె లేదు!"

ఆట ఆగిపోయింది. అవతలి పిల్ల తండ్రి లేచి వేలు చూపించాడు. అంపైర్ కుర్చీ దిగి, ఈ మనిషి ఏ భాషలో ఏమన్నాడని అడిగాడు. ఎవరికో దెబ్బ తగిలిందనుకుని ప్రథమ చికిత్స డేరాలోని నర్సు పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. భీమవరం వైపు ఆవిడ.

"అయ్యబాబోయ్, ఏమన్నారండీ మీరు?"

"పైకి కొట్టు, ఈడ మిద్దె లేదని చెప్తాండా సిస్టరూ."

"మిద్దెంటండీ? మిద్దంటే ఏంటి?"

"పైకప్పు తల్లీ, పైకప్పు!"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, అంపైర్‌కు ఇంగ్లీషులో చెప్పింది: "ఇక్కడ పైకప్పు లేదంటున్నాడు." ఆట మధ్యలో సలహా చెప్పడం తప్పట, అందుకే మొదటి సగం జాలితో మింగేసింది. అంపైర్ తలెత్తి ఆకాశం చూశాడు. నిజంగానే లేదు. ఆట మధ్యలో ఇంకోసారి నోరు తెరిస్తే బయటికేనని హెచ్చరించి కుర్చీ ఎక్కాడు. నర్సు నా పక్కనే కూలబడింది. "మళ్లీ అరిస్తే గిల్లేస్తానండీ."

నర్సు ఇంగ్లీషు మాట విని మా పిల్ల బేస్‌లైన్ దగ్గర రాకెట్‌తో మొహం కప్పుకుని నవ్వుతోంది. తర్వాత బంతిని ఒక్కసారి ఆకాశంలోకి లేపింది. అది అవతలి పిల్ల నెత్తి మీదుగా వెళ్లి గీత లోపల పడింది. ఇక ఆపలేదు. చివరికి గెలిచింది. నా వైపు చూసి ఒక్కసారి తలాడించింది. వాళ్ల దేశంలో అది ఎగిరి గంతేయడంతో సమానమట.

కార్లో నాన్నకు ఫోన్ చేసి, నా చెవి దగ్గర పెట్టింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆయన ఫిన్లాండ్ భాషలో, నేను తెలుగులో చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను మా రోడ్ల గురించి చెప్పాను. ఆయన కూడా రోడ్ల గురించే చెప్పి ఉంటాడు.

మర్నాడు నా కోచింగ్ బోర్లా పడింది. అవతల తాటిచెట్టంత పిల్ల. పైకి లేపిన ప్రతి బంతినీ బాది పారేసింది. మా పిల్ల ఓడిపోయి కారెక్కింది.

"ఈరోజు కప్పు ఉంది. ఆ అమ్మాయే" అని ఆమే నవ్వింది. నాకే కళ్లు చెమర్చాయి.

ఆమె వేరే దేశంలో ఇంకో పోటీకి వెళ్లిపోయింది. నర్సు ఫోన్‌లో స్కోర్లు చూస్తుంటుంది. అప్పుడప్పుడు అబూ హలీఫాలో డ్రైవర్లం కలిసి ఉండే మా గదికి ఫోన్ వస్తుంది. "అన్నయ్యా, మన పిల్ల గెలిచిందండీ!" గదిలో అందరికీ టీ పెడతాను. ఫోన్ రాని వారాలే ఎక్కువ. అప్పుడు నేనూ సిస్టర్‌ను ఏమీ అడగను.