పక్క సీటు మాస్టారు

మాస్టారి కుడికాలు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా సరే, అందులో ఎవరో నడుపుతున్న బండి మలుపు దగ్గరికి రాగానే ఈయన కాలు కింద తివాచీని నొక్కేసేది. బస్సెక్కితే డ్రైవరు వెనక సీటే కావాలి. సిగ్నలు పడ్డప్పుడల్లా డ్రైవరు కంటే ముందు ఈయన నేలని తొక్కేవారు. ఒకసారి సూపర్ మార్కెట్లో భార్య తోపుడు బండిని సబ్బుల వైపు కాస్త జోరుగా తిప్పింది. పక్కన నడుస్తున్న మాస్టారు ఠక్కున ఆగి కాలు నేలకేసి అదిమారు. వెనక వస్తున్న ముసలాయన వచ్చి ఈయన వీపుకి గుద్దుకున్నాడు.

తప్పు ఆయనది కాదు లెండి. ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పనిచేస్తే ఎవరి కాలైనా అంతే. స్కూలు బండికి మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుని వణికిపోతుంటే, పక్క సీట్లో ఈయన నవ్వుతూ కబుర్లు చెబుతూ, కింద మాత్రం రెండు కాళ్ళతో బండిని కాపాడుకొస్తుండేవారు. గొంతు పెంచడమంటే ఎరగరు. గోడని గుద్దబోయినవాళ్ళతో కూడా, "పర్లేదమ్మా, గోడ ఎక్కడికీ పోదు. మళ్ళీ చూద్దాం" అనేవారు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

అంతటి శాంతమూర్తి ఒకే ఒక్క మనిషికి నేర్పలేకపోయారు. ఆవిడ ఆయన భార్య.

ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. చెయ్యి ఎంత తేలికంటే, సూది ఎప్పుడు గుచ్చుతారా అని పిల్లలు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేలోపే దూది పెట్టేసి "అయిపోయింది, లే" అంటుంది. నరం దొరకకపోతే కంగారు పడదు. వేలు మోపి కాసేపు ఊరుకుంటుంది. అదే దొరుకుతుంది. అలాంటి మనిషికి పెళ్ళైన కొత్తలో బండి నేర్పుతానని తీసుకెళ్ళారు మాస్టారు. తీసుకెళ్ళి, రోడ్డు మీద ఆకు కదిలినా బ్రేకు నొక్కారు. ఆవిడ కాలు ఎత్తేలోపే నొక్కారు. చివరికి ఆవిడకి ఒళ్ళు మండింది.

"బండి నేను నడుపుతున్నానా, మీరు నడుపుతున్నారా?"

"చూసి నడిపితే నాకేం పని!" అని అరిచారు మాస్టారు. జన్మలో అదే మొదటిసారి.

ఆవిడ బండిని పక్కకి తీసి, తాళం ఆయన ఒళ్ళో పెట్టి, దిగి, బస్సెక్కి ఇంటికెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకురమ్మని ఆస్పత్రివాళ్ళు వ్యాను ఇచ్చినప్పుడు, శుభ్రంగా మాస్టారి స్కూలుకి ఎదురుగా ఉన్న ఇంకో డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకుంది. రోడ్డుకి అవతల నుంచి ఆవిడ బండి తీస్తుంటే ఇవతల మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ ఎదురు స్కూలువాళ్ళు నెల్లాళ్ళు దాన్నే చెప్పుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు ఆవిడ ఏ సందులోకైనా కళ్ళు మూసుకుని వ్యాను తిప్పగలదు. కానీ మాస్టారు ఎప్పుడైనా "దారిలో నన్ను దింపెయ్" అన్నారా, ఒకటే జవాబు.

"మీరు పక్కనుంటే నేను నడపను."

అలాగని ఆ ఇంట్లో ప్రేమకేం లోటు లేదు. పొద్దున్నే ఆవిడ మంచినీళ్ళ సీసా నింపి సంచిలో పెట్టేది ఆయనే. రాత్రి పడుకోబోయే ముందు ఆయన ఎడమ మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టేది ఆవిడే. ఒక్క బండి సంగతి ఎత్తితే మాత్రం ఇద్దరూ గోడకేసి చూసేవారు.

ఆ మోకాలే చివరికి ఆయన ఉద్యోగం మాన్పించింది. స్కూలువాళ్ళు దండ వేసి, గోడ గడియారం ఇచ్చి, కొంత సొమ్ము చేతిలో పెట్టి పంపించారు. ఖాళీగా ఉన్నాను కదా అని పుచ్చిన పన్ను చూపించుకోవడానికి వెళ్ళారు మాస్టారు. పళ్ళ డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వాల్చింది. ఈయన నోరు తెరిచి, కిటికీలోంచి ఆవిడ కారు షెడ్డుకేసి చూసి, ఇక నోరు మూయడం మరిచిపోయారు.

అదే కారు! ఎర్రది, రెండే సీట్లు, గుడ్డ కప్పు. ఈయన ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆ మోడల్ మొదటిసారి రోడ్డెక్కింది. ఒకరోజు సిగ్నలు దగ్గర ఎవరో కుర్రాడు స్కూలు బండిని ఆపేసుకుని చెమటలు కక్కుతుంటే, ఆ కారు పక్కన వచ్చి ఆగింది. దీపం మారగానే వెళ్ళిపోయింది. వీధి చివర అది నాలుగో గేరులోకి మారిన చప్పుడు మాస్టారు చెవుల్లో ఉండిపోయింది. నేర్చుకునేవాళ్ళకి నాలుగో గేరుతో పనేముంది? ముప్పై ఏళ్ళూ ఆయన బండి మూడు దాటలేదు, ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నదీ తక్కువే. ఒక్కసారి, తనకోసం, ఆ కారు నడపాలి. ఆయన కోరికల్లా అదే.

డాక్టరమ్మ కొత్తలో కొని ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని చూసుకున్న బండి అది. ఇప్పుడు షెడ్డు లేని ఫ్లాటుకి మారుతోంది కాబట్టి అమ్మేస్తోంది. కావాలంటే ఆదివారం లోపల చెప్పమంది. ఆ తర్వాత ఇంకెవరో వస్తారట.

మాస్టారు తన బావమరిదిని తీసుకెళ్ళి చూపించారు. భార్యకి తమ్ముడు, మెకానిక్కు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. బండి కిందకి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

"బావా, ఇంజను బంగారం. కానీ మొదటి ఏడాది బండంటే ఏంటో తెలుసా? కంపెనీవాళ్ళు మన మీద నేర్చుకున్న బండి."

"నా బతుకంతా అదేగా, అందరూ నా మీదే నేర్చుకున్నారు."

"జోకులొద్దు. రెండో గేరు మొండిది, తోస్తే పడదు. పెట్రోలు ముల్లు అబద్ధాలు చెబుతుంది. పైన కప్పు పక్క సీటు మీద కారుతుంది. ఇవన్నీ రెండో ఏడాది సరిచేశారు. కొంటే అది కొనుక్కో."

"ఆ రోజు నా పక్కన ఆగింది రెండో ఏడాది బండి కాదురా."

బావమరిది చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "క్లచ్చు రాయిలా ఉంది బావా. నీ మోకాలు ఒప్పుకోదు. నువ్వు నడపలేవు. అక్క నీ పక్కన నడపదు. కొని షెడ్డులో పెట్టుకుని దణ్ణం పెట్టుకుంటావా?"

మాస్టారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అది నిజం కాబట్టి గుచ్చుకుంది. ఇంటికెళ్ళి భార్యకి చెప్పారు, మోకాలి సంగతి తప్ప. ఆవిడ చీర మడతపెడుతూ "మీ ఇష్టం" అంది. ఆ "మీ ఇష్టం"లో వద్దు ఉందో, సరే ఉందో, కాపురం చేసినన్నాళ్ళూ ఆయన కనిపెట్టగలిగారు. ఈసారి మాత్రం ఏమీ అంతుపట్టలేదు.

ఆదివారం ముగ్గురూ వెళ్ళారు. డాక్టరమ్మ తాళం చేతికిచ్చి, "నడిపి చూడండి మాస్టారూ" అంది. మాస్టారు హుందాగా కారు చుట్టూ తిరిగి, తలుపు తీసి, వంగి, కూర్చుని, బెల్టు పెట్టుకున్నారు. ఎదురుగా స్టీరింగ్ లేదు. పక్క సీట్లో కూర్చున్నారు!

బావమరిది షెడ్డు గోడ పట్టుకుని నవ్వాడు. డాక్టరమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య మాత్రం నవ్వలేదు. "దిగండి, అటు వెళ్ళండి" అని మెల్లగా చెప్పి, ఆయన దిగాక ఆ సీట్లో తాను కూర్చుంది.

వీధి దాటేదాకా బాగానే ఉంది. మొదటి గేరులో కారు పిల్లిలా గుర్రుమంటుంటే మాస్టారి మొహం వెలిగిపోయింది. రెండోది వేయబోతే పళ్ళు కొరికినట్టు చప్పుడైంది. క్లచ్చు మళ్ళీ తొక్కారు. మళ్ళీ చప్పుడు. మూడోసారి మోకాల్లో మెరుపులా నొప్పి లేచింది, కాలు ఇక ఆయన మాట వినలేదు. బండిని రోడ్డు పక్కకి తెచ్చి ఆపారు. నుదుటి మీద చెమట.

"వెళ్దాం పద. వద్దులే. కూర్చున్నాం, ముచ్చట తీరింది" అన్నారు. తీరలేదని ఆయన గొంతే చెబుతోంది.

ఆవిడ దిగింది. ఇంకేముంది, బస్సెక్కి వెళ్ళిపోతుంది అనుకున్నారు మాస్టారు. చుట్టూ తిరిగి ఆయన వైపు తలుపు తీసింది.

"లేవండి."

"నువ్వు... నేను పక్కనుంటే నడపనన్నావుగా."

"ఇప్పటికీ నడపననే అంటాను. లేవండి ముందు."

మాస్టారు పక్క సీట్లోకి మారారు. ఆవిడ అద్దం సరిచేసుకుని, తాళం తిప్పబోయి ఆగింది. "ఆ రోజు అంతలా ఎందుకు అరిచారు? ఊళ్ళోవాళ్ళందరి మీదా లేని కోపం నా మీదే ఎందుకు?"

"కోపం కాదే." ఆయన బెల్టు లాగి పెట్టుకున్నారు. "పరాయివాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటే నాకెప్పుడూ భయం వెయ్యలేదు. నువ్వు పట్టుకుంటే వేసింది. నీకేమన్నా అయితే నేనెట్లా బతకను అనిపించింది. అది చెప్పడం రాక అరిచాను."

"చెప్పడానికి ఇన్నేళ్ళా?" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకోలేదు కానీ, తుడుచుకోవాల్సినట్టే ఉన్నాయి.

బండి కదిలింది. రెండో గేరు దగ్గర ఆవిడ తొయ్యలేదు. కర్ర మీద వేళ్ళు మోపి, నరం కోసం ఆగినట్టు కాస్త ఆగింది. గేరు తనంతట తనే జారి పడింది. తర్వాత మూడు. ముందు రోడ్డు ఖాళీగా, పొడుగ్గా ఉంది. మాస్టారు గేరు కర్రకేసి చూశారు.

అప్పుడే ఒక సందులోంచి పాలవ్యాను వెనక్కి వచ్చేసింది. మాస్టారి కాలు నేలని తొక్కేసింది. బ్రేకు లేని నేల. కారు మెత్తగా, చక్కగా ఆగింది.

ఇద్దరూ ఆయన కాలికేసి చూశారు. మాస్టారు తప్పు చేసినవాడిలా మొహం పెట్టి, "నొక్కాను కదూ" అన్నారు.

"నొక్కారు. నేనూ సరిగ్గా అప్పుడే నొక్కాను." ఆవిడ పెదవుల మీదకి నవ్వొచ్చింది. "నాకంటే ముందు కాదు."

పాలవ్యాను తప్పుకుంది. ఒకటి, రెండు, మూడు. ఆవిడ ఆయనకేసి చూడకుండానే అడిగింది. "ఇప్పుడేం చెయ్యమంటారు మాస్టారూ?"

"నాలుగు వెయ్యి" అన్నారు ఆయన. కుడికాలు సీటు కిందకి లాక్కున్నారు. ఆవిడకి అది చాలింది.

తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ, బావమరిది గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "ఏం ఆలోచించారు?" అని డాక్టరమ్మ మాస్టారిని అడిగింది. మాస్టారు భార్యకేసి చూశారు. ఆవిడ తాళం తీయలేదు, దిగలేదు కూడా.

"కప్పు కారుతుందటగా, ఏ పక్క?"

"పక్క సీటు వైపమ్మా" అంది డాక్టరమ్మ, కాస్త మొహమాటపడుతూ.

"అయితే పర్లేదు" అంది ఆవిడ. "ఆ సీటాయన గొడుగు పట్టుకుంటారు."