కండిషన్ బెయిలు మీద ఓనమాలు

కార్తీక మాసం రెండో సోమవారం, పొద్దున పదకొండుంబావు. నరసరావుపేట కోర్టు హాల్లో, జడ్జమ్మ గారి ముందు, నేను నా సొంత ప్లీడరుకే అడ్డం తిరిగాను. గంట ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడుగుతారేమో. గడియారం చూసి టైము చెప్పడం నాకు అంతకు వారం ముందే వచ్చింది. కొత్తగా వచ్చిన విద్య కదా, కనపడిన గడియారాన్నల్లా చదివేదాన్ని.

ఆ రోజుల్లో మా కాలనీ ఊరి చివర అప్పుడప్పుడే లేస్తూ ఉండేది. ఇళ్లు ముందొచ్చాయి, రోడ్డు తర్వాత వచ్చింది, నీళ్లు మాత్రం రోజు విడిచి రోజు వచ్చేవి, అవీ వీధికొక్క కుళాయికి. నాకు ముప్ఫై నిండలేదు. నోరు పెద్దది, చదువు సున్నా. సందు చివర సాయిబుల ఇంటి కోడలొకామె కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. నేనామెను వదినా అనేదాన్ని, ఆమె నన్ను వదినా అనేది. ఓ పొద్దున వరసలో నా బిందె ముందా, ఆమె బిందె ముందా అని మొదలై, నా ఇత్తడి బిందె ఆమె ఎడమచేతి చిటికెన వేలు విరగ్గొట్టింది, ఆమె స్టీలు బిందె నా ముందు పన్ను ఊడగొట్టింది. (ఎవరు ముందు ఎత్తారంటారా? పోలీసులకు ఆమే అని చెప్పాను. మీకు నిజం చెబుతున్నాను, నేనే.)

అక్కడితో ఆగితే మాది పల్నాడు ఎందుకవుతుంది? కేసు పడితే దానికి జోడీగా కౌంటరు కేసు పడాల్సిందే. పన్నుకు ఆమె మీద, వేలుకు నా మీద. పన్ను ఊడితే ఎముక విరిగినట్టే లెక్కట, సెక్షను పెద్దదైపోయింది. ఇద్దరికీ కోర్టు కండిషన్ బెయిలిచ్చింది. రోజూ పది గంటలకు స్టేషనుకు పోయి సంతకం పెట్టాలి. ఒక్క రోజు తప్పినా బెయిలు రద్దు, ఆపైన జైలు. ఇంకో షరతు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. నా కేసులో ముద్దాయి ఆమె, ఆమె కేసులో ముద్దాయిని నేను, బెదిరించుకుంటామని భయం. వదిన ఒళ్లో అప్పుడు పాలు తాగే ఆడపిల్ల.

స్టేషను మూడు మైళ్లు. ఆ టైముకు మా కాలనీ నుంచి పోయేది ఒక్కటే షేరు ఆటో. మొదటి రోజే ఒకే సీటులో ఇరుక్కున్నాం.

"అన్నా, ఆమెను కాస్త జరగమని చెప్పు" అన్నాను డ్రైవరుతో.

"అన్నా, జరగటానికి ఈడేమన్నా పొలముందా అని అడుగు" అంది వదిన.

ఆటో అన్న బ్రేకు తొక్కి వెనక్కి తిరిగాడు. "ఏందమ్మా మీ గోల! నేను ఆటో తోలాల్నా, మీ జవాబులు మొయ్యాల్నా? పిల్లకు ఎండ కొడతంది, ముందు దానికి అడ్డమెయ్యండి."

చెంగు నేనే అడ్డం వేశాను. పిల్లతో మాట్లాడకూడదని కోర్టు చెప్పలేదు కదా. ఆ రోజు నుంచి ఏం చెప్పుకోవాలన్నా పిల్లకే చెప్పుకున్నాం. "మీ అమ్మ వేలు ఎట్టా ఉందే బంగారం?" అని నేనడిగితే, "కట్టు ఇప్పలేదని చెప్పు మీ అత్తకి, మిషను తొక్కక నెలయిందని చెప్పు" అని ఆమె. పిల్ల ఇద్దరి మొహాలూ చూసి నవ్వేది. మధ్యాహ్నం పూట సందు చివరి నుంచి మిషను చప్పుడు వినపడకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ మాట మాత్రం పిల్లకు కూడా చెప్పలేదు.

స్టేషన్లో కాగితాలన్నీ రాసే హెడ్ కానిస్టేబుల్ని రైటరు గారనేవాళ్లు. మా వేలిముద్రలతో ఆయన రిజిస్టరు అలుక్కుపోయింది. "ఇది రిజిస్టరా, వంటింటి గోడా? వయసులో ఉన్నారు, పేరు రాయటం నేర్చుకోలేరా?" అని కసిరి, చిత్తు కాగితం మీద ఇద్దరి పేర్లూ పెద్దగా రాసిచ్చారు. "ఇయ్యి దిద్దండి. రేపటి నుంచి సిరా డబ్బా మూసేస్తన్నా."

మాకు పలక లేదు. స్టేషను ఆవరణలో పిడుగురాళ్ల సున్నం లారీ ఒకటి ఏదో కేసులో పట్టుబడి ఏళ్ల తరబడి నిలబడిపోయింది. దాని స్టీరింగు మీద తీగ అల్లుకుంది, లైటు గూట్లో పిచ్చుకలు పిల్లల్ని పెట్టాయి, కింద నేలంతా మెత్తగా, తెల్లగా పొడి పరుచుకుంది. వేపపుల్లతో ఆ తెలుపులోనే దిద్దేవాళ్లం. రైటరు గారు కిటికీలోంచి కేకేసేవారు: "అది కేసు సొత్తు! దాంట్లో రాయబాకండి!"

"రాస్తే అరిగిపోద్దా సార్?" అనేది వదిన. ఆయన కిటికీ మూసుకునేవారు. మరుసటి రోజు కొత్త చిత్తు కాగితం మీద ఇంకో నాలుగక్షరాలు ఉండేవి.

ఇప్పుడు తలుచుకుంటే ఆ నెలలన్నీ ఏదో పల్చటి పొగమంచులో గడిచినట్టుంటాయి. మీద వేపచెట్టు నీడ కదిలేది, కింద అక్షరం కదిలేది, పిల్ల పాకుతూ వచ్చి రెండింటినీ చెరిపేసేది. ఒకరోజు తిరుగు ఆటోలో కూర్చుని ఉండగా ఎదురొచ్చే బస్సు నుదుటి మీద "మాచర్ల" అని నాకు దానంతటదే వినపడింది. అవును, వినపడింది. అప్పటిదాకా బస్సంటే నాకు రంగూ, కండక్టరు కేకా. తర్వాత "సత్తెనపల్లి" వచ్చింది, ఆ వెనక సోడా కొట్టు పేరు. ఊరంతా ఒక్కసారిగా నాతో మాట్లాడటం మొదలుపెట్టినట్టయి, ఇంటిదాకా తల బయటపెట్టి కనపడిన బోర్డునల్లా చదువుతూనే ఉన్నాను. పోలీసులు పట్టుకెళ్లి స్టేషన్లో మూలన పెట్టిన నా బిందె మెడకు ఒక చీటీ కట్టి ఉండేది. అదీ కూడబలుక్కున్నాను: "ఇత్తడి బిందె ఒకటి, సొట్టపడినది." ఎవరో నన్ను గురించి రాసినట్టే ఉంది.

ఇలా ఉండగా ఓ పొద్దున ఆటో వచ్చింది, వదిన రాలేదు. వాళ్లింట్లోకి పోయి చూద్దును కదా, ఒళ్లు పొయ్యిలా కాలుతోంది. మొగుడు మెకానిక్కు, లారీ బాగు చెయ్యడానికి మాచర్ల పోయి ఉన్నాడు. షరతు సంగతి మరిచిపోయి, పిల్లను మధ్యన పెట్టుకోకుండా మొదటిసారి తిన్నగా మాట్లాడాను.

"లెగు వదినా, నేను పట్టుకుంటా."

"నావల్ల కాదు. నువ్వు పో వదినా, నీదీ తప్పుద్ది" అంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని, "పిల్లను జైల్లోకి రానిస్తారా?" అంది.

స్టేషన్లో నా సంతకం నేను పెట్టాను. రైటరు గారు ఫోను ఎత్తగానే, పక్క గడిలో ఆమెదీ పెట్టేశాను. లారీ కింద రోజూ చూసి చూసి ఆమె పేరు కూడా నాకు వచ్చేసింది మరి. ఆయన ఫోను పెట్టి, రిజిస్టరు దగ్గరికి లాక్కున్నారు.

"మీ ఇద్దరికీ ఒకటే చెయ్యా?"

నేను పెన్ను బల్ల మీద పెట్టేశాను.

"పన్ను కేసు చాలక దొంగ సంతకం కేసు కూడా కావాలా? ఇది బిందెతో పోయేది కాదమ్మా, చానా పెద్దది." ఎర్ర సిరాతో ఆ సంతకం కొట్టేసి, గైర్హాజరు అని రాసి, నా ముందుకు ఒక తెల్ల కాగితం తోశారు. "జరిగింది రాయి. రాయటం వచ్చుగా ఇప్పుడు."

గంటన్నర పట్టింది. అది నా మొదటి అర్జీ. మా ప్లీడరు గారికి మాత్రం అందులో గైర్హాజరు ఒక్కటే కనపడింది. "దొరికిందమ్మా, ఇక లోపలికే" అని మురిసిపోయి, వదిన బెయిలు రద్దు చెయ్యమని కోర్టులో కాగితం పెట్టించారు.

అదుగో, ఆ సోమవారం. జడ్జమ్మ గారు నా అర్జీ తీసి పైకే చదివారు: "అయ్యా, నా పన్ను ఊడగొట్టిన ఆమెకు జరం. చంటిపిల్ల ఉంది. రేపు వస్తది. రాకపోతే నేనే ఈడ్చుకొస్తా. ఇట్లు, పన్ను ఊడినామె." చదివి కళ్లద్దాలు తీశారు. "ఎవరు రాశారిది?"

"నేనేనమ్మా."

మా ప్లీడరు గారు నా మోచెయ్యి లాగారు. "నువ్వు ఊరుకో అమ్మా!"

"మీరూరుకోండి సార్, నేను రాసింది నన్ను చెప్పుకోనియ్యండి."

"ఆమె మీ పన్ను ఊడగొట్టిందని కేసు పెట్టింది మీరే కదా?" అన్నారు జడ్జమ్మ గారు.

"ఊడగొట్టిందమ్మా, అది నిజం. జరం వచ్చింది, అదీ నిజం. బిందె ముందు ఎత్తింది నేను, అది ఇప్పటిదాకా చెప్పలేదు."

జడ్జమ్మ గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "మాట్లాడుకోకూడదని షరతు ఉందిగా?"

"పిల్లతో మాట్లాడామమ్మా. పక్కనే ఉంది కాబట్టి వాళ్లమ్మకు వినపడింది."

జడ్జమ్మ గారు ఫైలు అడ్డం పెట్టుకున్నారు, నవ్వడానికో దగ్గడానికో తెలియలేదు. బెయిలు రద్దు కాలేదు. ఆ సంక్రాంతి లోపే రెండు కేసులూ రాజీ అయ్యాయి, షరతులు పోయాయి, నా బిందె నాకొచ్చింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అలవాటు కొద్దీ ఆటో దగ్గరికి పోతే, వదిన పిల్లను ఎత్తుకుని అప్పటికే నిలబడి ఉంది. ఇద్దరం ఎక్కాం. రైటరు గారు మమ్మల్ని చూసి బెదిరిపోయారు.

"మళ్లీ ఏం విరగ్గొట్టుకున్నారు?"

"ఏం లేదు సార్" అంది వదిన. "గుణింతాలు సగంలో ఉన్నాయి."

ఇప్పుడు మా ఇళ్లన్నిటికీ కుళాయిలున్నాయి. సెక్షన్ల నంబర్లు కూడా మారాయని మనవరాలు ఫోనులో చూసి చెప్పింది. ఆ ముప్ఫై నిండని నోరుగల మనిషి ఎదురుపడితే నేను తిట్టను. బిందె మాత్రం కిందికి దించమంటాను, అదీ నెమ్మదిగా.

ఆ సోమవారం కోర్టులో ఉన్నవాళ్లు వీళ్లు: జడ్జమ్మ గారు, నా మీద అలిగిన మా ప్లీడరు గారు, ఏం జరిగిందో అర్థం కాని వదిన ప్లీడరు గారు, రిజిస్టరు చంకన పెట్టుకుని గోడకు ఆనుకున్న రైటరు గారు, సవారీలు వదులుకుని వచ్చిన ఆటో అన్న, వంకర చిటికెన వేలితో వదిన, ఆమె భుజం మీద నిద్రపోతున్న పిల్ల, బల్ల మీద సొట్టబిందె, దాని మెడలో చీటీ, ఆ చీటీ చదవగలిగిన నేను.